పెట్టెలో లేని క్యాసెట్టు

2025 జూలై 23న పొద్దున్నే ఇబ్రహీంపట్నం నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. బాగున్నవా అని కూడా అడగలేదు. "ఆ గబ్బిలం ఆయన పోయిండంటనే" అంది.

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎందుకో కళ్ళు చెమర్చాయి. ఆమె చెబుతున్నది ఓజీ ఆస్‌బోర్న్ గురించి. 1982 జనవరిలో అమెరికాలో ఒక కచేరీలో ఎవరో వేదిక మీదికి గబ్బిలాన్ని విసిరితే రబ్బరు బొమ్మనుకుని దాని తల కొరికానని చెప్పుకున్న మనిషి. తను పుట్టిన బర్మింగ్‌హామ్‌లోనే జూలై 5న కుర్చీలో కూర్చుని వీడ్కోలు కచేరీ చేశాడు. జూలై 22న, 76 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ సంగతి టీవీలో అడుగున పరిగెత్తే అక్షరాల్లో చూసి, మనవరాలికి జడ వేస్తూ వేస్తూ ఆపి, యాభై ఎనిమిదేళ్ళ మా చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది. ఇంట్లో ఇంకెవరికి చెప్పినా "ఎవరాయన?" అంటారని ఆమెకు తెలుసు.

హెవీ మెటల్ చరిత్ర మీద నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా మా చిన్నమ్మ లేదు. ఉండాలని నేను అనుకోవడం అత్యాశేమీ కాదు. సంగీత చరిత్ర వాయించినవాళ్ళదే కాదు, విన్నవాళ్ళది కూడా. విన్నవాళ్ళ చరిత్ర రాసేటప్పుడు వేదిక ముందు జుట్టు విరబోసుకుని ఊగే కుర్రాళ్ళే అందరికీ గుర్తొస్తారు. తలుపు గడియ వేసుకుని, చప్పుడు బయటికి పోకుండా దుప్పటి కప్పుకుని విన్న ఆడపిల్ల లెక్కలోకి రాదు.

జల్‌పల్లిలో అమ్మమ్మ ఇంట్లో ఒక రేకు పెట్టె ఉండేది. 2002 వేసవి సెలవుల్లో, నాకు పదమూడేళ్ళప్పుడు, పాత పట్టుచీర కోసం వెతుకుతుంటే అందులో నాలుగు క్యాసెట్లు దొరికాయి. మూడింటి మీద పేర్లు ఉర్దూలో, నీలిసిరాతో, ముత్యాల్లాంటి చేతిరాతతో ఉన్నాయి. నాకు ఉర్దూ రాదు. ఏ ఖవ్వాలీలో, పహాడీ షరీఫ్ దర్గా దగ్గర కొన్న భక్తి పాటలో అనుకున్నాను. డెక్కులో పెట్టి మీట నొక్కాను. వంటింట్లోంచి అమ్మమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఇది ఇల్లా, ఇనుప సామాన్ల దుకాణమా? బంద్ చెయ్యి!" అంది. తర్వాత తెలిసింది, పదహారేళ్ళ కింద చిన్నమ్మతోనూ అదే మాట అందని.

క్యాసెట్ల కథ చిన్నమ్మ తర్వాత చెప్పింది. 1984 నుంచి 1987 దాకా ఆమె కోఠీ మహిళా కళాశాలలో డిగ్రీ చదివింది. జల్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వెళ్ళేది. ఆ దారిలో బార్కాస్ నుంచి ఎక్కే అమ్మాయి ఆమెకు దోస్తయింది. బార్కాస్ అంటే నిజాం కొలువులోని అరబ్బు సైనికులు కాపురమున్న బారకాసులు. ఆ ఇళ్ళల్లోంచి ఎనభైల్లో ఎంతోమంది మగపిల్లలు గల్ఫ్ దేశాలకు పనులకు వెళ్ళారు. ఆ స్నేహితురాలి అన్న కూడా వెళ్ళాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా సెంట్లు, చాక్లెట్లు, టూ ఇన్ వన్‌లతో పాటు క్యాసెట్లు తెచ్చేవాడు. చెల్లెలు వాటిని ఖాళీ టేపుల మీదికి ఎక్కించి, పేర్లు రాసి చిన్నమ్మకు ఇచ్చేది. ఒక హిందూ, ఒక ముస్లిం అమ్మాయి బస్సులో వెనక సీట్లో కూర్చుని ఐరన్ మెయిడెన్ గురించి గుసగుసలాడుకోవడం నాకు ఇప్పటికీ వింతైన, అందమైన దృశ్యంగానే కనిపిస్తుంది.

క్యాసెట్లు నాలుగైనా ఆల్బములు ఆరు. తొంభై నిమిషాల టేపుకి ఒక పక్క ఓజీ 'బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్', రెండో పక్క జూడాస్ ప్రీస్ట్ 'బ్రిటిష్ స్టీల్'. రెండూ 1980వే. ఇంకో తొంభై నిమిషాల టేపులో ఐరన్ మెయిడెన్‌వి రెండు: 1982 నాటి 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్', 1984 నాటి 'పవర్‌స్లేవ్'. అరవై నిమిషాల టేపులో మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', 1986. నాలుగోది మాత్రం ఎక్కించింది కాదు, కొన్న క్యాసెట్టే. అదే ఏడాది వచ్చిన స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్'. మొత్తం ఆల్బము ఇరవై తొమ్మిది నిమిషాలే కాబట్టి క్యాసెట్టుకి రెండు పక్కలా అదే వేశారు. తిప్పి పెడితే మళ్ళీ మొదటి నుంచి. "ఇదేందే, మోసం చేసిండ్రు అనుకున్నం" అని చిన్నమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

వీటిని ఆమె విన్న తీరు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అందరూ పడుకున్నాక, టూ ఇన్ వన్‌ని పక్కలో పెట్టుకుని, శబ్దం ఒకటో అంకె మీద ఉంచి, స్పీకరు జాలీకి చెవి ఆనించి వినేది. హెవీ మెటల్ అన్న పేరులోనే బరువుంది. ఒంటితో వినాల్సిన సంగీతం అది. ఎముకలు అదరాలి, గుండె కింద డ్రమ్ము కొట్టినట్టుండాలి. దాన్ని మెల్లగా వినడమంటే బతుకమ్మ పాటను పెదవులు కదపకుండా పాడుకోవడం లాంటిది. అయినా ఆమె విన్నది. చిన్నమ్మ తరం ఆడపిల్లలు ఏ కోరికనైనా ఒకటో అంకె మీదనే వినగలిగారు.

ఈ చప్పుడు ఎక్కడ పుట్టిందో చూస్తే అమ్మమ్మ తిట్టిన తిట్టు నిజమే అనిపిస్తుంది. బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బము 1970 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ బృందం గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా, ఉద్యోగం మానేస్తున్న రోజే, అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గేందుకు పలచటి తీగలు వాడాడు, తర్వాత వాటి బిగువు తగ్గించి శ్రుతి దించాడు. హెవీ మెటల్ అనగానే చెవికి తట్టే ఆ మందమైన, కింది నుంచి వచ్చే ధ్వని వెనక ఒక శ్రామికుడి తెగిన వేళ్ళు కూడా ఉన్నాయి. ఆ పక్కనే వాల్‌సాల్‌లో, ఇనుప కార్ఖానాల పొగలో పెరిగిన రాబ్ హాల్‌ఫర్డ్ 'బ్రిటిష్ స్టీల్'కి గొంతిచ్చాడు. ఆ ఆల్బములో ఇనుప దేవుళ్ళు నడిచొస్తున్న చప్పుడు కావాల్సి వచ్చింది. దానికోసం వాళ్ళు వాడిన వాటిలో ఒకటి చెంచాలూ ఫోర్కులూ ఉన్న ట్రే. దాన్ని పట్టుకుని గలగలా కదిపారు. ఇది చదివినప్పుడు అనుకున్నాను, వంటింట్లో గిన్నె జారితే "ఏం చప్పుడది?" అని కసురుకునే లోకంలో, అదే చప్పుడు మగాళ్ళ చేతిలో పడితే దేవుళ్ళ నడకయింది అని.

జల్‌పల్లి చుట్టూ ఇవాళ పాత ఇనుము గోదాములున్నాయి. ఇనుమును కోసే, విరగ్గొట్టే చప్పుడు పగలంతా వినిపిస్తూనే ఉంటుంది. తుక్కు ఏరేవాళ్ళలో, మూటలు మోసేవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. ఆ చప్పుడు మీద పాట కట్టినవాళ్ళు మాత్రం ఇంకా నాకు తారసపడలేదు.

'పవర్‌స్లేవ్' గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ ఆల్బము నిడివి యాభై ఒక్క నిమిషాలు. తొంభై నిమిషాల టేపులో ఒక పక్కకి పట్టేది నలభై అయిదు. ఆఖరి పాట పదమూడు నిమిషాల పైన ఉంటుంది. 1798లో అచ్చయిన కోల్‌రిడ్జ్ కవిత 'ది రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్' కథ అది. ఆల్బట్రాస్ అనే సముద్రపక్షిని చంపిన నావికుడు, శాపం తగిలి గాలి లేని సముద్రంలో కదలక నిలిచిపోయిన ఓడ. పాట మధ్యలో గిటార్లు ఆగిపోతాయి, ఓడ చెక్కలు కిర్రుమంటాయి, ఎవరో లోగొంతుతో పద్యం చదువుతుంటారు. సరిగ్గా ఆ చోట చిన్నమ్మ టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచేది. ఓడ అక్కడే ఉండిపోయింది. 1988లో ఆమెకు పెళ్ళయింది. క్యాసెట్లు పెట్టెలోనే ఉండిపోయాయి. అత్తగారింటికి తీసుకుపోలేదా అని అడిగితే, "చీరెల మధ్యన పెట్టిన. తీసుకపోయేటప్పుడు నేనే మళ్ల తీసి పక్కకు పెట్టిన" అంది. ఎవరూ వద్దనలేదట. వద్దంటారని తెలుసట.

2008లో డిగ్రీ రెండో ఏడు ఇంగ్లీషు సాహిత్యంలో నాకు ఆ కవిత పాఠంగా వచ్చింది. క్లాసులో మేడమ్ చదువుతుంటే నా చెవిలో గిటార్లు మోగుతున్నాయి. ఆ ఆదివారం ఇబ్రహీంపట్నం వెళ్ళి చిన్నమ్మకు మిగతా కథ చెప్పాను. నావికుడు నీటిపాముల అందం చూసి తనకు తెలియకుండానే వాటిని దీవిస్తాడనీ, అప్పుడు మెడలో వేలాడుతున్న చచ్చిన పక్షి ఊడి సముద్రంలో పడుతుందనీ, ఓడ కదులుతుందనీ, తర్వాత బతికినన్నాళ్ళూ కనబడ్డవాళ్ళను ఆపి ఆ కథ చెబుతూ తిరుగుతాడనీ చెప్పాను. పప్పులో తాలింపు వేస్తూ విన్నది. "అయితే కదిలిందా" అంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె మనసులో ఆ ఓడ నిలబడే ఉందని అప్పుడు నాకు అర్థమైంది. నేను పీహెచ్‌డీకి తెలంగాణ స్త్రీల పాటలను ఎంచుకోవడానికి కారణమేమిటని ఎవరైనా అడిగితే పరిశోధన భాషలో ఏదో జవాబు చెబుతాను. అసలు కారణం మాత్రం ఆ ఆదివారమే.

'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వచ్చిన 1986లోనే హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వాళ్ళ మాటల్లోనే నమోదు చేసిన పుస్తకం. ఈ రెండింటికీ పోలిక ఏముంది అని మీరు అడగొచ్చు. మనిషిని మరెవరో తాళ్ళు కట్టి ఆడించడం మీద కోపంతో చేసిన ఆల్బము అది. మత్తుమందు, సైన్యం, పిచ్చాసుపత్రి, మతబోధకుడు, ఒక్కో పాటలో ఒక్కొక్కరి చేతిలో తాళ్ళు. అందులో ఇల్లు లేదు, భర్త లేడు. ఇరవై అయిదేళ్ళయినా నిండని ఆ కుర్రాళ్ళకు ఆ తాళ్ళు కనబడలేదు. అవి కనబడ్డ పుస్తకం చిన్నమ్మ చదివే ఊళ్ళోనే అచ్చయింది గాని ఆమె దాకా రాలేదు. ఎక్కడో కాలిఫోర్నియా కోపం బార్కాస్ మీదుగా జల్‌పల్లి చేరింది, పక్కనున్న కోపం చేరలేదు. ఆమె చదివిన కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఆ సంగతి చెబితే చిన్నమ్మ, "ఆమె గురించి మాకు ఒక్క క్లాసుల గూడ చెప్పలే" అంది.

ఇష్టం కొద్దీ ఈ ఆల్బముల తప్పులు దాచలేను. 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్'లో అకేషియా అవెన్యూ అనే వీధి పేరుతో ఒక పాట ఉంది. అంతకు రెండేళ్ళ ముందు తొలి ఆల్బములోనే వచ్చిన షార్లెట్ అనే వేశ్య కథకు కొనసాగింపు. మొదట ఆమె ఇంటికి దారి చూపిస్తారు, ఆమె మీద చెయ్యి చేసుకొమ్మని కూడా ఉసిగొల్పుతారు. చివరికి ఆమెను ఉద్ధరించి, సామాను సర్దుకుని తనతో వచ్చేయమంటాడు పాడేవాడు. రెండు పాటల్లోనూ షార్లెట్ నోరు విప్పి తన కథ చెప్పుకోదు. నాకు మధురవాణి గుర్తొచ్చింది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో మధురవాణికి నోరుంది, ఎదుటివాణ్ణి ఎగతాళి చేసే తెలివుంది. ఎనభై మూడేళ్ళ తర్వాత లండన్ కుర్రాళ్ళకు గురజాడ పాటి ఊహ కూడా రాలేదు. 1987లో వచ్చిన గన్స్ ఎన్ రోజెస్ 'ఆపిటైట్ ఫర్ డిస్ట్రక్షన్' మొదటి అట్ట మీద అత్యాచారానికి గురైన స్త్రీ బొమ్మ వేశారు. దుకాణాలు అమ్మబోమంటే ఆ బొమ్మను లోపలికి మార్చారు. అమ్మకానికి అడ్డమని మార్చారు తప్ప తప్పని కాదు.

అలాగని నిషేధాల వైపు నిలబడనూ లేను. 1985లో అమెరికాలో టిప్పర్ గోర్ మొదలైన రాజకీయ నాయకుల భార్యలు ఒక సంఘంగా ఏర్పడి, అభ్యంతరకరమైన పదిహేను పాటల జాబితా తయారుచేశారు. సెప్టెంబర్ 19న సెనేట్‌లో విచారణ జరిగింది. చివరికి క్యాసెట్ల మీద హెచ్చరిక చీటీలు వచ్చాయి. ఆ జాబితాలో స్త్రీ మీద హింసను పాడిన మగాళ్ళున్నారు. వాళ్ళ పక్కనే, తన ఒంటి సుఖం గురించి తానే పాడుకున్న సిండీ లాపర్ కూడా ఉంది. ఆడదాన్ని కొట్టడమూ, ఆడది కోరుకోవడమూ వాళ్ళ దృష్టిలో ఒకే నేరం. మన దగ్గర 1986లో స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. అసభ్యత అన్న మాట స్త్రీల పరువు గురించి మాట్లాడుతుందే గాని సమానత్వం గురించి మాట్లాడదని స్త్రీవాదులు వాదించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆడవాళ్ళ పేరు చెప్పి మొదట మూసేది ఆడవాళ్ళ నోరే అని తెలుస్తుంది.

మగతనమని మనం భయపడ్డ వేషం వెనక ఏముందో కూడా తర్వాతే తెలిసింది. తోలు జాకెట్టు, ఇనుప మేకులు, గొలుసులు: హెవీ మెటల్ మగాడి యూనిఫారంగా స్థిరపడిన ఆ వేషాన్ని ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో ముందున్నది రాబ్ హాల్‌ఫర్డ్. ఆ దుస్తుల మూలాలు స్వలింగ ప్రేమికుల తోలుదుస్తుల సంస్కృతిలో ఉన్నాయి. తను స్వలింగ ప్రేమికుణ్ణని హాల్‌ఫర్డ్ 1998లో ఎంటీవీ ఇంటర్వ్యూలో బయటికి చెప్పాడు. అంటే అన్నేళ్ళూ అతనూ ఒకటో అంకె మీదనే బతికాడు. వేదిక మీద అంత గట్టిగా అరిచిన గొంతుకు కూడా చెప్పుకోలేని మాట ఒకటుంది.

ఇక పెట్టెలో లేని క్యాసెట్టు సంగతి. 2012లో యూనివర్సిటీ లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో వెతుకుతుంటే గర్ల్‌స్కూల్ అన్న పేరు కనబడింది. లండన్‌లో 1978లో మొదలైన బృందం. నలుగురూ ఆడవాళ్ళే. కిమ్ మెకాలిఫ్, ఈనిడ్ విలియమ్స్, కెల్లీ జాన్సన్, డెనీస్ డ్యూఫోర్ట్. 1980లో 'డిమాలిషన్', 1981లో 'హిట్ అండ్ రన్'. ఆ రెండోది బ్రిటిష్ ఆల్బముల పట్టికలో అయిదో స్థానానికి వెళ్ళింది. అదే ఏడాది మోటర్‌హెడ్‌తో కలిసి చేసిన చిన్న రికార్డు కూడా సింగిల్స్ పట్టికలో అయిదో స్థానమే. అంటే వీళ్ళు ఏ మూలనో వాయించుకున్నవాళ్ళు కాదు. జర్మనీలో డోరో పెష్ ఉంది. ఆమె వార్లాక్ బృందం 1987లో 'ట్రయంఫ్ అండ్ అగొని' తెచ్చింది. చిన్నమ్మ స్పీకరుకి చెవి ఆనించిన రాత్రుల్లోనే వీళ్ళు అక్కడ నిండు గొంతుతో పాడుతున్నారు.

మరి ఆ క్యాసెట్టు బార్కాస్‌కు ఎందుకు రాలేదు? కుట్రేమీ లేదు. గల్ఫ్ దుకాణంవాడు అమ్ముడుపోయేవి పెట్టాడు, అన్న తనకు నచ్చినవి కొన్నాడు, చెల్లెలు వాటిలోంచే ఎక్కించింది. ప్రతి మెట్టు దగ్గరా ఒక జల్లెడ. చివరి జల్లెడలోంచి జారి చిన్నమ్మ చేతిలో పడేసరికి ఆరు ఆల్బముల్లో ఒక్క ఆడగొంతు లేదు. ఆ సంగీతంలో ఆడవాళ్ళే లేరని ఆమె అనుకుంది. తనకు ఇష్టమైనది తనది కాదనుకుంది. పెట్టెలోంచి తీసి పక్కన పెట్టడం అందుకే సులువైంది.

చరిత్రకారుల దగ్గరా ఇదే జల్లెడ. డీనా వైన్‌స్టీన్ 1991లో, రాబర్ట్ వాల్సర్ 1993లో హెవీ మెటల్ మీద రాసిన పుస్తకాలు అందులోని మగతనాన్ని బాగా విశ్లేషించాయి. అభిమానులైన స్త్రీల మాటలే ఆధారంగా పుస్తకాలు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. లెయినా డాస్ అనే నల్లజాతి రచయిత్రి 2012లో తన పుస్తకానికి పెట్టుకున్న పేరు తెలుగులో చెప్పాలంటే 'నువ్విక్కడేం చేస్తున్నావు?' అని. 2016లో రోజ్‌మేరీ లూసీ హిల్ స్త్రీ అభిమానుల అనుభవాల మీద పరిశోధన ప్రచురించింది. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీకి నేను వెళ్ళినప్పుడు పక్కనున్న అబ్బాయి అడిగింది కూడా సరిగ్గా ఆ ప్రశ్నే. "ఎవరితో వచ్చారు?" అన్నాడు మర్యాదగానే. నిజం చెప్పాలంటే చిన్నమ్మతో వచ్చాను. ఆమె ఆ రాత్రి ఇబ్రహీంపట్నంలో ఉంది, అంతే. ఒక పాట నడుస్తుండగా ఫోన్ చేసి గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. తర్వాత అడిగితే "గాలి చప్పుడు తప్ప ఏం ఇనవడలే, అయినా పెట్టెయ్యలే" అంది.

మొన్న ఓజీ పోయిన వారానికి ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ఇంట్లో మేమిద్దరమే. బాబాయి పొలం దగ్గరికి వెళ్ళాడు. ఫోన్‌ని మనవరాలి పుట్టినరోజుకి కొన్న స్పీకరుకి కలిపి 'హిట్ అండ్ రన్' పెట్టాను. అలవాటు కొద్దీ చిన్నమ్మ వెళ్ళి కిటికీ తలుపు మూసింది. మొదటి పాట సగంలో మళ్ళీ వెళ్ళి తెరిచింది. కెల్లీ జాన్సన్ గిటారు వస్తున్నప్పుడు, "ఇది వాయించేది ఆడామెనేనా?" అంది. అవునన్నాను. ఇప్పుడు లేదనీ, 2007లో కేన్సర్‌తో పోయిందనీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఇది ఎప్పటిది బిడ్డా?"

"1981, చిన్నమ్మా."

వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అప్పుడు నేను తొమ్మిదో తరగతి" అంది. ఆ తర్వాత స్పీకరు దగ్గరికి జరిగి, శబ్దం పెంచేది ఏ మీటో చూపించమంది.